మీ మంగళవారానికి సరిపడే ఇల్లు

విజయవాడ పటమటలో ఒక కాలనీ సంక్షేమ సంఘం ఆదివారం సమావేశంలో, ఇళ్ల డిజైన్లు చేసే ఆర్కిటెక్ట్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక వరస దాకా వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, వినపడకపోతే చెయ్యెత్తండి.

సెక్రటరీగారు ఫోన్ చేసి, మన సంఘంలో ఇల్లు కొనే ఆలోచనలో చాలామంది ఉన్నారు, వాళ్లకి పనికొచ్చేట్టు ఏదన్నా చెప్పండి అన్నారు. ఎక్కడ కొంటే రేటు పెరుగుతుందో మాత్రం నేను చెప్పను. అది చెప్పేవాళ్లు బెజవాడలో వీధికి నలుగురున్నారు. పోరంకిలో కొనమని ఒకరు, గొల్లపూడిలో కొనమని ఒకరు, రాజధాని వైపు వెళ్లమని ఇంకొకరు. వాళ్ల లెక్కలు వాళ్లవి. కొన్నాక ఆ ఇంట్లో మీ రోజు సాఫీగా గడుస్తుందా లేదా, ఈ ఒక్క సంగతి మీదే మాట్లాడతాను.

ప్లాన్ గీయమని వచ్చేవాళ్లు, ఫ్లాట్ చూసి చెప్పమని వచ్చేవాళ్లు నాతో మొదట అనే మాట దాదాపు ఒకటే. "త్రీ బీహెచ్‌కే కావాలండీ, ఈస్ట్ ఫేసింగ్, హాలు పెద్దదిగా ఉండాలి." హాలు ఎందుకు పెద్దది అంటే, "చుట్టాలొస్తారు కదండీ" అంటారు. వస్తారు. సంక్రాంతికి వస్తారు, ఇంట్లో ఏదన్నా శుభకార్యమైతే వస్తారు. ఇప్పుడు ఆ శుభకార్యాలు కూడా ఫంక్షన్ హాల్లోనే. ఆ నాలుగు రోజుల కోసం హాలుకి ఇరవై అడుగులు ఇచ్చి, ఏడాది పొడుగునా వంట చేసే మనిషిని ఏడడుగుల వంటింట్లో నిలబెడతాం.

అందుకని వాళ్లకి నేనొక పని చెప్తాను. ఇంటికెళ్లి ఒక తెల్లకాగితం మీద మీ మంగళవారం రాసుకుని రండి అంటాను. మంగళవారమే ఎందుకంటే అది పండగ కాదు, సెలవు కాదు, మనవాళ్లు శుభమా అని ఏ పనీ మొదలుపెట్టే రోజు కూడా కాదు. పొద్దున ఎవరు ముందు లేస్తారు, ఆరున్నరకీ ఏడున్నరకీ మధ్య బాత్రూం కోసం ఎంతమంది ఎదురుచూస్తారు, స్కూలు బస్సు ఎక్కడ ఆగుతుంది, పగలు ఇంట్లో ఎవరుంటారు, మధ్యాహ్నం కునుకు తీసేది ఎవరు, ఏ గదిలో, సాయంత్రం ట్యూషన్‌కి పిల్లలు వస్తారా, రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునే మనిషి ఉన్నాడా. గంట గంటకీ రాయాలి. భార్యాభర్తలు విడివిడిగా రాస్తే ఇంకా మంచిది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు చాలా ఇళ్లలో చిన్న గొడవ అవుతుంది. అవ్వనివ్వండి. అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందు అయ్యే గొడవ చవక.

ఆ కాగితం చేతిలో ఉంటే ఇల్లు చూసే పద్ధతే మారిపోతుంది. ముందు ఎండ సంగతి చెప్తాను, మన ఊళ్లో సగం బాధ అక్కడే ఉంది కాబట్టి.

అపార్ట్‌మెంట్లో ఈస్ట్ ఫేసింగ్ అంటే మెయిన్ డోర్ తూర్పుకి ఉందని. ఆ తలుపు తీస్తే ఏముంటుంది? కారిడారు. పొద్దుటి వెలుగు కారిడారుకి పోతుంది, మీ హాలూ బాల్కనీ పడమటికి తిరిగి ఉంటాయి. చాలా బిల్డింగుల్లో ఇదే వరస. ఎక్కువ డబ్బు పెట్టి ఈస్ట్ ఫేసింగ్ కొనుక్కుని, మే నెలలో సాయంత్రం నాలుగింటికి కర్టెన్లు దించుకుని లైటు వేసుకు కూర్చునే ఇళ్లు ఎన్నో చూశాను. కాబట్టి గుమ్మం దిక్కు ఒక్కటే అడిగి ఊరుకోకండి. ప్రతి గదికీ బయటి గోడ ఎటుందో చూసి, దాన్ని మీ కాగితంతో కలిపి చదవండి.

పడమటి గోడ మధ్యాహ్నమంతా ఎండలో కాగి, ఆ వేడిని రాత్రికి లోపలికి వదులుతుంది. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లి చీకటి పడ్డాక వచ్చే ఇంట్లో హాలు పడమటికి ఉన్నా పెద్ద నష్టం లేదు, పగలు అక్కడ కూర్చునేవాళ్లు లేరు. బెడ్‌రూం పడమటికి ఉంటే మాత్రం రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, ఏసీ ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు పై శ్లాబుకి ఎక్కుతుంది. అదే ఇంట్లో అత్తగారో అమ్మో పగలంతా ఉంటే లెక్క తలకిందులవుతుంది. ఆవిడకి తూర్పు గది మేలు. పొద్దున కాస్త ఎండ తగిలినా మధ్యాహ్నం నుంచి ఆ గోడ నీడలో ఉంటుంది.

ఇక దక్షిణం. ఈ దిక్కుని మనవాళ్లు అనవసరంగా తిడతారు. విజయవాడ ఉన్నది పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు మనకి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అక్కణ్ణుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం మనకి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. అంటే రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండలో కూడా దక్షిణపు గోడ మీద నేరుగా ఎండ పడదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు పడుతుంది, అప్పుడు మనకి ఆ ఎండ హాయి. పైగా వేసవి సాయంత్రాలు సముద్రం వైపు నుంచి పైరగాలి వచ్చేది దక్షిణం, ఆగ్నేయం నుంచే. పడమటి కిటికీలోంచి వచ్చేది వడగాలి. ఇవన్నీ తెలిసిన మనిషిగా చెప్తున్నాను, దక్షిణానికి పెద్ద కిటికీలు ఉన్న పడగ్గది దొరికితే వదులుకోవద్దు.

నవ్వుతున్నారు. వాస్తు అడుగుతారని నాకు తెలుసు. ఈ ఊళ్లో వాస్తు ఊసు లేకుండా ఇంటి గురించి మాట్లాడ్డం కుదరదు. నేను నమ్ముతానా లేదా అన్నది పక్కన పెట్టండి. ఇంట్లో ఒక్కరికి మనసులో పీకుతూ ఉన్నా సరే, ఆ ఇల్లు కొనకండి. పిల్లాడికి జ్వరం వచ్చినా, ప్రమోషన్ ఆగినా మాట తిరిగి తిరిగి ఆ గుమ్మం మీదికే వస్తుంది, ఆ పోరు ఏ కిటికీ గాలీ తీర్చలేదు. ఇంటిల్లిపాదికీ పట్టింపు లేదనుకోండి, సౌత్ ఫేసింగ్ మీకు కొంత బేరంలో దొరుకుతుంది. రేపు మీరు అమ్మబోయినప్పుడు కొనేవాడు అదే బేరం మీతో ఆడతాడు, అది కూడా లెక్కలో వేసుకోండి.

టాప్ ఫ్లోర్ గురించి ఒక్క మాట. పైన ఎవరూ నడవరు, గాలి బాగుంటుంది, నిజమే. నెత్తిమీద శ్లాబు రోజంతా కాగుతుంది కూడా. శ్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పూత గానీ టైల్స్ గానీ వేయడానికి అసోసియేషన్ ఒప్పుకుంటుందా, ఖర్చు ఎవరిది, ఇది ముందే కాగితం మీద తేల్చుకోండి.

ఇప్పుడు వంటింటికి వద్దాం. వంటింటి పక్కన గిన్నెలు తోమే చోటుని యుటిలిటీ అని బ్రోచర్లో రాసి మూడడుగుల వెడల్పు చూపిస్తారు. వాషింగ్ మెషీన్ రెండడుగులు ఆక్రమిస్తుంది. మిగిలింది అడుగు. ఆ అడుగులో పనమ్మాయి కూర్చుని గిన్నెలు తోమాలి, ఖాళీ గ్యాస్ బండ ఉండాలి, చీపురు, బకెట్, తుడిచే గుడ్డ ఉండాలి, ఆరేసిన బట్టల నీళ్లు ఆవిడ నెత్తిన పడాలి. ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఆడవాళ్లు అక్కడ ఒక్క నిమిషం వంగి చూడండి, మోచేయి దేనికి తగులుతుందో తెలిసిపోతుంది. మగవాళ్లని కూడా వంగమనండి. సిగ్గుపడాల్సిన పని కాదు.

మీ ఇంట్లో ఏటా పచ్చళ్లు పెట్టే అలవాటు ఉంటే ఇంకో ప్రశ్న. మేడ మీద తాళం ఎవరి దగ్గర ఉంటుంది? గుంటూరు మిరపకాయలు తెచ్చి ఎండబెట్టాలన్నా, వడియాలు పెట్టాలన్నా, మాగాయ ముక్క ఆరాలన్నా ఎండ కావాలి. కొన్ని అసోసియేషన్లు టెర్రస్‌కి తాళం వేసి బట్టలు కూడా ఆరేయనివ్వవు. పచ్చళ్లు బయట కొనుక్కునేవాళ్లకి ఇది అసలు విషయమే కాదు. పెట్టేవాళ్లకి మాత్రం ఏప్రిల్, మే నెలలు ఆ తాళం చుట్టూనే తిరుగుతాయి.

పెద్దవాళ్లు ఉన్న ఇళ్లకి, లేదా మనమే పెద్దవాళ్లం అవుతాం కాబట్టి అందరికీ, ఒక టేపు జేబులో పెట్టుకుని వెళ్లండి. బాత్రూం తలుపు కొలవండి. మామూలుగా రెండున్నర అడుగులు అంటారు. చౌకట్టు పోగా, తలుపు తీశాక దాని మందం పోగా చేతికి వచ్చేది పాతిక అంగుళాల దగ్గర ఉంటుంది. వీల్‌చైర్ చక్రాల అంచు నుంచి అంచుకి దాదాపు అంతే. తుంటి ఎముక విరిగి ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన మనిషికి ఆ అంగుళం తేడా అంటే బాత్రూంలోకి తనంతట తాను వెళ్లడమా, ఇద్దరు ఎత్తుకెళ్లడమా అన్నంత తేడా. కట్టేటప్పుడు తలుపు మూడడుగులు పెట్టమంటే బిల్డరుకి పెద్ద ఖర్చేం కాదు. కట్టాక గోడ పగలగొట్టాలి. అలాగే లిఫ్టు. చిన్న బిల్డింగుల్లో వేసేది నలుగురో ఆరుగురో పట్టే లిఫ్టు, దాంట్లో స్ట్రెచర్ పట్టదు. మెట్ల మలుపు దగ్గర ల్యాండింగ్ ఎంత వెడల్పుందో చూడండి, అవసరం వచ్చినప్పుడు మనిషిని దించేది ఆ దారినే.

ఇంకో మాట అనాలా వద్దా అని ఆలోచించాను. అంటాను. మనిషి పోయినప్పుడు భౌతికకాయాన్ని ఎక్కడ ఉంచుతారు అన్నది కూడా అడగండి. అశుభమని ఎవరూ అడగరు, తీరా ఆ రోజు వచ్చాక, బిల్డింగు కింద స్తంభాల మధ్య ఉండే స్టిల్ట్ పార్కింగ్‌లో పెట్టనిస్తారా లేదా అని ఏడుస్తున్న కుటుంబం ముందే వాదులాట జరుగుతుంది. మంచి అసోసియేషన్లు దీని మీద ముందే ఒక మాట అనుకుని ఉంటాయి.

నీళ్ల సంగతి. 2024 సెప్టెంబరు 1 గురించి ఈ ఊరివాళ్లకి నేను చెప్పేదేముంది. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక వైపు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పడవల మీద, డ్రోన్ల మీద తిండి పంపించారు. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదిలారు, అయినా కృష్ణలంకని రిటైనింగ్ వాల్ కాచింది. నది పక్కనున్న పేట నిలబడింది, నదికి దూరంగా, మాకేం భయం అనుకున్న పేట మునిగింది. అందుకని నదికి ఎంత దూరం అన్న ప్రశ్న చాలదు. ఏ వాగు, ఏ కాలవ, ఏ పల్లం అని అడగాలి. కొండ వైపు వెళ్తే ఆ లెక్క వేరు, అంతకు ముందు రోజే మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి.

బిల్డర్ని అడిగితే మా దగ్గర చుక్క నీరు నిలవదండీ అంటాడు. వీధి మొదట్లో ఇస్త్రీ బండి వాళ్లని అడగండి, కిరాణా కొట్టాయన్ని అడగండి. ఎదురింటి కాంపౌండ్ గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో చూడండి. తర్వాత బిల్డింగు కిందకి వెళ్లండి. సంపు మూత నేల మట్టానికే ఉందా? మోటారు, కరెంటు ప్యానెల్ బోర్డు, మీటర్లు, జనరేటరు ఎంత ఎత్తున బిగించారు? నాలుగో అంతస్తులో ఉన్న మీ ఇంట్లోకి నీరు రాకపోవచ్చు. కింద ప్యానెల్ మునిగితే కరెంటు లేదు, లిఫ్టు లేదు, సంపులో మురుగు కలిస్తే నీళ్లూ లేవు. ఇంకోటి కూడా గమనించండి. మన మునిసిపల్ రోడ్లు వేసిన ప్రతిసారీ కాస్త ఎత్తు పెరుగుతాయి. కట్టిన రోజు రోడ్డుకి సమంగా ఉన్న గేటు కొన్నేళ్లకి గోతిలో ఉంటుంది. స్టిల్ట్ నేల రోడ్డు కంటే ఎంత పైన ఉందో అదే టేపుతో కొలవొచ్చు.

స్థలం కొని సొంతంగా కట్టుకునేవాళ్లకి, ముఖ్యంగా గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో, ఒక్కటే చెప్తాను. ఆ మట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. పక్కిళ్ల ప్రహరీ గోడల మీద మెట్లు మెట్లుగా పగుళ్లు కనిపిస్తే మట్టి పరీక్ష చేయించకుండా పునాది తవ్వకండి. అలాంటి నేలకి అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతైన పునాది స్తంభాలు, లాంటి పద్ధతులు ఉన్నాయి, ఇంజనీరు చెప్తాడు.

డబ్బు విషయం త్వరగా ముగిస్తాను, దాని మీద మీకు బ్యాంకువాళ్లే రోజూ ఫోన్ చేస్తారు. 1500 ఎస్ఎఫ్‌టీ అని చెప్పి అమ్మే ఫ్లాట్‌లో మీరు నిజంగా కాలు పెట్టే చోటు పదకొండొందలు కూడా ఉండకపోవచ్చు, మిగతాది కారిడార్లు, మెట్లు, బయటి గోడలు. 2016లో వచ్చిన రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాట్ లోపల మీరు వాడుకునే చోటు, ఎంతో చెప్పి తీరాలి, ఆ అంకె అడిగి రెండు ఫ్లాట్లని దానితోనే పోల్చుకోండి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు. అప్పగించాక ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. కట్టడంలో ఉన్న ఫ్లాట్‌కి మామూలుగా ఐదు శాతం జీఎస్టీ ఉంది, ఓసీ, అంటే బిల్డింగు పూర్తయింది, ఉండొచ్చు అని అధికారులు ఇచ్చే సర్టిఫికెట్, వచ్చాక కొంటే లేదు. రిజిస్ట్రేషన్ ఖర్చు విడిగా పక్కన పెట్టుకోవాలి.

ఈఎంఐ మాత్రం మీ కాగితం మీదికే వస్తుంది. 50 లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్లకి తీసుకుంటే నెలకి 43 వేల పైచిలుకు. మొత్తం మీద కట్టేది కోటి దాటుతుంది. ఆ వాయిదా కోసం ఇద్దరూ ఓవర్‌టైం చేసి, ఆదివారం కూడా ఇంట్లో ఉండకపోతే ఆ బాల్కనీలో కాఫీ తాగేది ఎవరండీ?

ఇరుగుపొరుగు. ఇది ప్లాన్‌లో కనిపించదు. అద్దెకైనా కొనుక్కోడానికైనా వెళ్తే మొదటి ప్రశ్న "మీరేవిట్లండీ" అని కులం అడిగే చోట్లు విజయవాడ, గుంటూరు రెండు ఊళ్లలోనూ ఇంకా ఉన్నాయి. నాన్‌వెజ్ వండకూడదు అంటారు, బ్యాచిలర్స్‌కి ఇవ్వం అంటారు. నాకైతే అలాంటి బిల్డింగు ఎంత బాగున్నా నచ్చదు, అక్కడ పిల్లలు ఏం నేర్చుకుంటారో అని. మీ అభిప్రాయం మీది. ఏదైనా సరే, సాయంత్రం ఏడింటికి ఒకసారి వెళ్లి గేటు దగ్గర పది నిమిషాలు నిలబడండి. పిల్లలు కింద ఆడుకుంటున్నారా, పెద్దవాళ్లు కుర్చీలేసుకుని కూర్చున్నారా, పార్కింగ్ కోసం అరుచుకుంటున్నారా. అమ్మేవాళ్లు పొద్దున పదకొండింటికే రమ్మంటారు, ఆ టైముకి ఏ బిల్డింగైనా ప్రశాంతంగానే ఉంటుంది.

ఆ, మీ ప్రశ్న చెప్పండమ్మా. మైకు అక్కడికి ఇవ్వండి.

అబ్బాయి ఉద్యోగం విజయవాడ ఆటోనగర్‌లో, కోడలు గుంటూరులో లెక్చరర్, ఇద్దరికీ మధ్యన మంగళగిరిలో కొంటే ఎలా ఉంటుంది అని అడుగుతున్నారు. మీరూ వాళ్లతోనే ఉంటారా? ఉంటారు. సరే.

మ్యాపులో చూస్తే మధ్యే. రోజు లెక్క వేరు. అబ్బాయికి పొద్దున కనకదుర్గ వారధి, సాయంత్రం మళ్లీ వారధి. కోడలు కారులో వెళ్తే కాజ టోల్‌గేటు మధ్యలో పడుతుంది, నెల పాసు తీసుకోవాలి. రైలో బస్సో అయితే స్టేషన్‌కి ఇంటి నుంచి ఎంత దూరం అన్నదే ముఖ్యం. పిల్లల స్కూలు ఏ వైపు ఉందో దాన్ని బట్టి, మధ్యాహ్నం స్కూలు నుంచి ఫోన్ వస్తే పరిగెత్తాల్సింది ఎవరో తేలిపోతుంది. ఇవి వాళ్లిద్దరి లెక్కలు. మీ లెక్క ఎవరూ వేయలేదు. మీరు బండి నడుపుతారా? నడపరు కదా. మందుల షాపు, గుడి, కూరగాయలు, మాట్లాడే మనిషి నడిచి వెళ్లే దూరంలో లేకపోతే వాళ్లిద్దరూ వెళ్లాక మీరు ఆ ఫ్లాట్‌లో ఒక్కరే. బండి నడపని మనిషికి గుంటూరులో బ్రాడీపేట, ఇక్కడ సత్యనారాయణపురం లాంటి పాత పేటలు ఇప్పటికీ బెస్ట్ అంటాను నేను. బ్రాడీపేటలో నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అని చెప్తే ఆటో అతను ఇంకేమీ అడగకుండా దింపేస్తాడు. ఇళ్లు పాతవి, పార్కింగ్ కష్టం, అది ఒప్పుకుంటాను. గుంటూరులో అయితే ఇల్లు రైలు పట్టాలకి ఏ పక్కన ఉందో కూడా చూసుకోవాలి, ఆస్పత్రులు ఎక్కువ కొత్తపేట వైపు ఉన్నాయి, అర్ధరాత్రి అవసరమైతే ఏ వంతెన మీంచి వెళ్తారో ముందే తెలియాలి.

నన్నడిగితే ముందు మంగళగిరిలో అద్దెకి దిగండి. ఒక వేసవి, ఒక వానాకాలం చూడండి. ఆ రెండూ గడిచేసరికి కొనాలో వద్దో నన్ను అడగాల్సిన అవసరం మీకు ఉండదు. అప్పటికి మీరు ముగ్గురూ మూడు కాగితాలు రాసి పెట్టండి, మీది కూడా. కోడలి కాగితం ముందు చదవండి, పొద్దున వంటా, గుంటూరు ప్రయాణం రెండూ ఆవిడ మీదే పడేట్టున్నాయి.